నేలమాళిగలో పాట

హార్వర్డ్ స్క్వేర్‌లో రైలు దిగి పైకొస్తే, కోఆపరేటివ్ వాళ్ళ పుస్తకాల దుకాణం పక్కన పామర్ స్ట్రీట్ అని ఒక సన్నటి సందు ఉంటుంది. స్ట్రీట్ అనడం గౌరవానికే. ఆ సందులో 47వ నంబరు దగ్గర మెట్లు దిగితే క్లబ్ పాసిమ్. క్లబ్ అన్నానని రంగురంగుల లైట్లు ఊహించుకోకండి. మన ఊళ్ళల్లో కల్యాణ మండపం వంటగది ఇంతకన్నా పెద్దగా ఉంటుంది. చిన్న చిన్న బల్లలు, కుర్చీలు, ఇటుక గోడ, మోకాలెత్తు కూడా లేని వేదిక. ఒత్తుకుని కూర్చుంటే వందమందికి కాస్త అటూ ఇటూగా పడతారు. మాకు దొరికిన బల్ల నుంచి చెయ్యి చాపితే గాయని గిటార్ పెట్టె అందుతుంది.

నేను కోరుకుని వెళ్ళినదేమీ కాదు. ఆఫీసులో నా పక్క సీటాయన, రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి, భార్యకి ఒంట్లో బాగాలేక టికెట్ మిగిలిపోయిందని రమ్మన్నాడు. "ఫోక్ సింగర్, సొంతంగా పాటలు రాసి పాడుతుంది" అన్నాడు. నాకు అక్కడే పేచీ వచ్చింది. ఫోక్ అంటే జానపదం. జానపదం అంటే ఎవరు కట్టారో తెలియని పాట, నోటి నుంచి నోటికి వచ్చిన పాట. మరి ఈవిడ మొన్న తన వంటింట్లో కూర్చుని రాసుకున్న పాట జానపదం ఎట్లా అయింది? గిటార్ పట్టుకుని ముక్కుతో పాడితే అయిపోతుందా? ఇదంతా ఆయనతో అన్నాను. ఆయన నవ్వి, "వచ్చి విను, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు.

ఆవిడ పేరు ఇక్కడ చెప్పను. చెప్పినా ఈ వ్యాసం చదివేవాళ్ళలో చాలామందికి తెలియకపోవచ్చు. పైగా ఇది ఆవిడ మీద సమీక్ష కాదు. నా పేచీ ఏమయిందో చెప్పడానికి రాస్తున్నాను. దానికి ఆ గది చరిత్ర కావాలి. ఆ చరిత్ర ఆ గదిలో కాకుండా, బయటికొచ్చి అయిదు నిమిషాలు నడిస్తే వచ్చే యూనివర్సిటీలో మొదలవుతుంది.

*

ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ బోస్టన్‌లో తెరచాపలు కుట్టే ఆయన కొడుకు. 1825లో పుట్టాడు. చదువులో చురుకు కాబట్టి హార్వర్డ్‌లో చేరాడు, అక్కడే పంతులయ్యాడు, 1876లో ఆ యూనివర్సిటీకి మొట్టమొదటి ఇంగ్లీషు ప్రొఫెసర్ అయ్యాడు. ఆయన జీవితమంతా చేసిన పని ఒక్కటే అనొచ్చు. ఇంగ్లండు, స్కాట్లండు కథాగేయాలన్నీ ఒక్కచోట చేర్చడం. 1882 నుంచి 1898 దాకా పది భాగాలుగా అచ్చయిన ఆ పుస్తకంలో 305 పాటలున్నాయి. చివరి భాగం వచ్చేటప్పటికి ఆయన లేడు, 1896లో పోయాడు. శిష్యుడు కిట్రెడ్జ్ పూర్తి చేశాడు. ఇప్పటికీ ఆ పాటల్ని ఆయన ఇచ్చిన నంబర్లతోనే పిలుస్తారు. "బార్బరా ఆలెన్" అంటే చైల్డ్ 84, "మేరీ హామిల్టన్" అంటే చైల్డ్ 173.

వృత్తిరీత్యా నాకు నచ్చిన సంగతి ఇంకోటుంది. ఒక పాటకి పది రూపాలు దొరికితే ఆయన వాటిలో "అసలుది" ఏదో తేల్చి మిగతావి పారెయ్యలేదు. ఏ, బీ, సీ అని అక్షరాలిచ్చి అన్నీ వరసగా అచ్చువేశాడు. "మేరీ హామిల్టన్"కి ఇరవైకి పైగా పాఠాలున్నాయి. మేం కోడ్‌లో కొమ్మలు పెట్టుకుంటాం చూడండి, అలాగన్నమాట. కాకపోతే ఇక్కడ మూలకాండం లేదు, అన్నీ కొమ్మలే.

ఇంత చేసినాయన వాటిని చాలావరకు రాతప్రతుల నుంచీ పాత అచ్చుకాగితాల నుంచీ తీశాడు. స్కాట్లండు నుంచి మనుషులు నకళ్ళు రాసి పంపేవాళ్ళు. ఆ మహాగ్రంథంలో ఉన్నదంతా మాటలే. వరసలు చివర్లో కొద్దిగా చేర్చారంతే. పాటలు కట్టే కాలం ఎప్పుడో అయిపోయింది, మిగిలినవి పోకముందే భద్రం చెయ్యాలి అన్నది ఆయన ధోరణి. బ్రాన్సన్ అనే ఇంకో పండితుడు ఈ 305 పాటల వరసల్ని వెతికి అచ్చువెయ్యడం మొదలుపెట్టింది 1959లో. నాలుగు సంపుటాలు పూర్తయ్యేసరికి 1972 వచ్చింది. అంటే మాటలకీ వరసలకీ మధ్య సుమారు ఎనభై ఏళ్ళు.

ఇది కేవలం పండితుల పొరపాటని కొట్టిపారెయ్యలేం. 1802లో వాల్టర్ స్కాట్ పాటల కోసం స్కాట్లండు సరిహద్దు పల్లెలు తిరిగినప్పుడు, కవి జేమ్స్ హాగ్ తల్లి మార్గరెట్ ఆయనకి పాట పాడి వినిపించింది. తర్వాత మొహం మీదే కోప్పడింది: ఇవి పాడుకోవడానికి పుట్టినవి, చదువుకోవడానికి కాదు, నువ్వు అచ్చువేసి పాడుచేశావు, ఇక వీటినెవరూ పాడరు అని. ఈ సంగతి హాగే రాసుకున్నాడు. ఆవిడ జోస్యం పూర్తిగా నిజం కాలేదు. 1916-18 మధ్య సెసిల్ షార్ప్, మాడ్ కార్పెలెస్ అమెరికా అపలాచియన్ కొండల్లో తిరిగితే, చైల్డ్ పుస్తకంలోని పాటలు అక్కడి పల్లెజనం నోట ఇంకా బతికే ఉన్నాయి. కాలం అయిపోయిందనుకున్న చైల్డ్ కూడా తప్పే.

మనకీ ఇదేమీ కొత్త కథ కాదు. 1874లో బాయిల్ అనే ఇంగ్లీషాయన 'ఇండియన్ ఆంటిక్వరీ'లో తెలుగు వీరగాథల మీద వ్యాసం రాశాడు. 1958లో బిరుదురాజు రామరాజు గారి 'తెలుగు జానపద గేయసాహిత్యము' అచ్చయింది. అంత గొప్ప పుస్తకం ముందు కూర్చుని కూడా, ఈ పాట ఎట్లా మొదలవుతుంది, ఎక్కడ లాగుతారు, ఎక్కడ కోరస్ అందుకుంటారు అని ఊహించుకోవడం తప్ప నాబోటిగాడు చెయ్యగలిగేది ఏమీ లేదు. పాట మాటలు అలమరలో భద్రంగా ఉంటాయి. పాట ఉండాలంటే మాత్రం ఇంకో చోటు కావాలి.

*

కేంబ్రిడ్జ్‌లో ఆ చోటు 1958 జనవరిలో తెరుచుకుంది. జాయిస్ కలీనా, పౌలా కెల్లీ అని అప్పుడే బ్రాండైస్ యూనివర్సిటీలో చదువు ముగించిన ఇద్దరు అమ్మాయిలు మౌంట్ ఆబర్న్ స్ట్రీట్ 47లో కాఫీహౌస్ పెట్టారు. ఇంటి నంబరే పేరయింది: క్లబ్ 47. వాళ్ళు అనుకున్నది జాజ్. జానపదం వాళ్ళ లెక్కలోనే లేదు.

ఆ ఏడాదే ఒక 17 ఏళ్ళ అమ్మాయి అక్కడ పాడింది. తండ్రి భౌతికశాస్త్రవేత్త, ఎమ్ఐటీలో ఉద్యోగం రావడంతో కుటుంబం ఇక్కడికొచ్చింది. పేరు జోన్ బయెజ్. మొదటి రాత్రి వినడానికి వచ్చినవాళ్ళు ఎనిమిదిమంది ఉంటారేమో. అందులో అమ్మ, నాన్న, చెల్లెలు, ఒకరిద్దరు స్నేహితులు. ఇచ్చింది పది డాలర్లు. ఏడాది తిరిగేసరికి న్యూపోర్ట్ ఉత్సవంలో వేలమంది ముందు పాడింది. 1960లో మొదటి రికార్డు వచ్చింది. ఆ రికార్డులో "మేరీ హామిల్టన్" ఉంది. చైల్డ్ 173.

ఈ చిన్న సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. హార్వర్డ్ లైబ్రరీలో అరవై ఏళ్ళుగా అక్షరాలుగా పడి ఉన్న పాటలు, అక్కడికి కూతవేటు దూరంలో, కాఫీ కప్పుల మధ్య, చదువు మధ్యలో వదిలేసిన ఒక అమ్మాయి గొంతులో లేచి కూర్చున్నాయి. ఆమెకి అవి చైల్డ్ నుంచి నేరుగా రాలేదు. తోటి పాటగాళ్ళ దగ్గరా రికార్డుల్లోనూ విని పట్టుకుంది. అయితేనేం, మార్గరెట్ హాగ్ కోరుకున్నది కూడా అదే కదా.

క్లబ్ మొదట్లోనే పోలీసుల కంటబడింది. తిండీ కాఫీ అమ్మే చోట మూడుకి మించి తీగవాద్యాలు వాయించకూడదని కేంబ్రిడ్జ్‌లో ఒక పాత చట్టం ఉందిట! దాన్ని తప్పించుకోవడానికి, లాభాపేక్ష లేని విద్యాసంస్థగా మార్చి, వచ్చేవాళ్ళని సభ్యులుగా చేర్చుకుని మళ్ళీ తెరిచారు. అవసరం కొద్దీ పెట్టిన ఈ ఏర్పాటు వాళ్ళకి పెద్ద మేలే చేసింది. సారా అమ్మకం మీద బతికే చోట గాయకుడు గోడకున్న బొమ్మతో సమానం. సభ్యత్వం కట్టి, కాఫీ తాగి, పాట కోసమే వచ్చినవాళ్ళు మాట్లాడకుండా కూర్చుంటారు. ముప్ఫై చరణాల పాట పాడాలంటే ఆ నిశ్శబ్దం కావాలి. కథ మధ్యలో ఒక్క చరణం వినపడకపోతే ఎవరు ఎవర్ని ఎందుకు చంపారో తెలియదు.

1963లో క్లబ్ పామర్ స్ట్రీట్ నేలమాళిగలోకి మారింది. నేను కూర్చున్న గది అదే. ఆ రోజుల్లో అక్కడ పాడినవాళ్ళలో మిసిసిపీ జాన్ హర్ట్ ఒకాయన. ఆయన కథ చెప్పకుండా ముందుకి పోలేను. 1928లో రికార్డులిచ్చాడు, అవి అమ్ముడుపోలేదు, ఆవలాన్ అనే తన పల్లెకి తిరిగిపోయి వ్యవసాయప్పనులు చేసుకుంటూ ఉండిపోయాడు. ముప్ఫై అయిదేళ్ళ తర్వాత, 1963లో, పాత రికార్డులో ఆయన తన ఊరి పేరు చెప్పడం విని ఆ ఆనవాలు పట్టుకుని ఒక కుర్రాడు వెతుక్కుంటూ వెళితే, మనిషి బతికే ఉన్నాడు, పాటా బతికే ఉంది. ఆ తర్వాత 1966లో పోయేదాకా మూడేళ్ళు ఇలాంటి గదుల్లోనూ ఉత్సవాల్లోనూ పాడాడు.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. ఆ గదుల్లో కూర్చుని విన్నది చాలావరకు తెల్ల పిల్లలు, కాలేజీ పిల్లలు. నల్ల పల్లెల పాట అక్కడ గౌరవం పొందింది నిజమే. కానీ ఆ పల్లె మనుషులు టికెట్ కొనుక్కుని పక్క కుర్చీలో కూర్చోలేదు. చిన్న గది అన్నాక లోపల పట్టేది కొందరే. ఆ కొందరు ఎవరన్నది అడగాల్సిన ప్రశ్నే. నేను వెళ్ళిన రాత్రి కూడా చుట్టూ చూశాను. నాలాంటి రంగువాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉన్నారు.

*

సరే, పాత పాటలు పాడే గది సొంత పాటలు పాడే గదిగా ఎప్పుడు మారింది? దీనికి ఒక టేపు సాక్ష్యం ఉంది. న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో మెక్‌డూగల్ స్ట్రీట్ 116లో గ్యాస్‌లైట్ కెఫే అని ఇంకో నేలమాళిగ ఉండేది. చప్పట్ల మోత పైఅంతస్తుల వాళ్ళకి నిద్రాభంగమని, అక్కడ చప్పట్లకి బదులు చిటికెలు వేసేవాళ్ళు. 1962 అక్టోబరులో అక్కడ బాబ్ డిలాన్ పాడినవి రికార్డయ్యాయి. 2005లో అధికారికంగా విడుదలయ్యాయి. అప్పటికి అతనికి ఇరవై ఒక్కేళ్ళు. అంతకు ముందు ఏడాదే క్లబ్ 47లో, వేరేవాళ్ళ కచేరీ విరామంలో, డబ్బు లేకుండా పాడి, అక్కడ పాడాననిపించుకున్నాడు.

ఆ గ్యాస్‌లైట్ టేపులో "బార్బరా ఆలెన్" ఉంది, చైల్డ్ 84. అదే టేపులో "ఎ హార్డ్ రెయిన్స్ ఎ-గోనా ఫాల్" కూడా ఉంది, అతను కొత్తగా రాసింది. ఈ రెండో పాట ఎత్తుగడ ఎక్కడిది? చైల్డ్ 12, "లార్డ్ రాండల్". అందులో తల్లి అడుగుతూ ఉంటుంది, ప్రియురాలి చేతి విషం తిని ఇంటికొచ్చిన కొడుకు జవాబు చెబుతూ ఉంటాడు. ఒక్కో ప్రశ్నకీ ఒక్కో చరణం, చివరికొచ్చేసరికి చావు. డిలాన్ ఆ ప్రశ్న–జవాబుల చట్రం తీసుకుని, అందులో తన కాలం భయాలన్నీ పోశాడు. వినేవాళ్ళకి ఆ చట్రం ముందే తెలుసు. ఎందుకంటే ఆ గదుల్లో రాత్రుళ్ళ తరబడి పాత కథాగేయాలు విని ఉన్నారు. పొడుగాటి పాటని ఓపికగా వినడం అప్పటికే అలవాటయింది. కొత్త పాట ఆ అలవాటు మీద వచ్చి కూర్చుంది.

నా పేచీలో సగం ఇక్కడ తేలిపోయింది. కర్త ఎవరో తెలియకపోవడం జానపదానికి లక్షణమనుకున్నాను. నిజానికి అది కాలం చేసిన పని. "లార్డ్ రాండల్" కూడా ఎవరో ఒకరు ఏదో ఒక రాత్రి మొదలుపెట్టినదే. ఆ పేరు పోయింది, అంతే.

ఇది మనకి ఇంకా తేలిగ్గా అర్థం కావాలి. ఇంగ్లీషు వాళ్ళు సింగర్-సాంగ్‌రైటర్ అని రెండు మాటలు అతికించుకోవాల్సి వచ్చింది గానీ, మనకి వాగ్గేయకారుడు అని పాత మాటే ఉంది. అన్నమయ్యకి వాడిన మాటనే గద్దర్‌కీ గోరటి వెంకన్నకీ వాడుతున్నాం. "ఊరు మనదిరా" పాట ఎన్ని ఊళ్ళల్లో ఎంతమంది పాడి ఉంటారు! అది గూడ అంజయ్య రాశాడని అందులో ఎంతమందికి తెలుసు? కర్త బతికుండగానే పాట జనంలో కలిసిపోవడం మన కళ్ళముందు జరిగింది. అలాంటిది, అమెరికా ఆవిడ దగ్గరికొచ్చేసరికి నేను పాస్‌పోర్టు అడిగాను.

తేడా మాత్రం ఉంది. మన పాట పెరిగింది మైదానంలో, ఊరేగింపులో, సభలో. వేలమందికి వినపడాలి, వెంటనే అందుకోవాలి. డప్పు, గజ్జె, కోరస్ అందుకే. గదిలో పెరిగిన పాట గొంతు తగ్గించుకోగలదు, సందేహపడగలదు, మధ్యలో ఆగగలదు. గోరటి వెంకన్న పాటల్లో కొన్నిటికి ఇలాంటి గదే సరిపోతుందని నాకు ఎప్పటినుంచో అనుమానం. హైదరాబాదులో సభలకి హాళ్ళున్నాయి, మైదానాలున్నాయి. నెలకి నాలుగుసార్లు తెలుగులో పాట కట్టుకున్నవాడొచ్చి, టికెట్ కొన్న ఎనభైమంది ముందు, శాలువాలూ ముఖ్య అతిథులూ లేకుండా గంటన్నర పాడుకుని వెళ్ళే చోటు నేను అక్కడున్నన్నాళ్ళలో ఒక్కటీ ఎరగను.

*

ఇలాంటి గదిని నిలబెట్టడం తేలికని నేను అనడం లేదు. క్లబ్ 47 1968లో మూతపడింది. అప్పటికి రాక్ సంగీతం పెద్ద హాళ్ళు నింపుతోంది. పేరొచ్చిన గాయకులకి ఇచ్చుకునే డబ్బు వందమంది గదిలో పుట్టదు. గది తయారు చేసిన గాయకులే గదికి అందకుండా పోయారు. ఈ లెక్క ఎప్పటికీ మారదు. పాట నచ్చేకొద్దీ జనం పెరుగుతారు, జనం పెరిగేకొద్దీ గది చాలదు.

1969లో బాబ్ డాన్లిన్, రే ఆన్ డాన్లిన్ అనే దంపతులు ఆ చోటు తీసుకుని, కానుకల కొట్టూ కాఫీ నడుపుతూ మెల్లగా మళ్ళీ పాట మొదలుపెట్టారు. పేరు పాసిమ్. పాతికేళ్ళు ఆ ఇద్దరే లాక్కొచ్చారు. సుజాన్ వేగా, షాన్ కాల్విన్, నాన్సీ గ్రిఫిత్ లాంటివాళ్ళు పేరు రాకముందు పాడింది అక్కడే. 1990ల మధ్యలో వాళ్ళు తప్పుకున్నాక మళ్ళీ లాభాపేక్ష లేని సంస్థ అయింది. విరాళాలూ, సభ్యత్వాలూ, పాట నేర్పే బడీ కలిస్తే గానీ ఇప్పుడు కూడా నడవదు. అరవై ఏళ్ళ చరిత్రలో ఈ గది ఎవరికీ లాభం తెచ్చిపెట్టినట్టు లేదు. అయినా ఎవరో ఒకరు భుజం మార్చుకుంటూ మోస్తున్నారు.

ఇక ఆ రాత్రి సంగతి. ఆవిడ విరామం తర్వాత ఒక పాత పాట ఎత్తుకుంది. పాత అంటే తనదే, ఇరవై ఏళ్ళ కిందటిదిట. మూతపడిన మిల్లులో పనిచేసిన తండ్రి మీద. మూడో చరణం దగ్గర ఆగిపోయింది. వేళ్ళు గిటార్ మీద నడుస్తున్నాయి, నోట మాట రావడం లేదు. ఒక చుట్టు, రెండు చుట్లు. ఆవిడ మొహంలో కంగారు నాకు స్పష్టంగా కనపడుతోంది, అంత దగ్గర. పెద్ద హాల్లో అయితే ఏ తెరో ఆవిడకి మాటలు చూపించేది, లేదా జనం అరిచి చప్పట్లు కొట్టి కప్పేసేవాళ్ళు. ఇక్కడ దాక్కోవడానికి చోటు లేదు. అప్పుడు ముందు బల్ల దగ్గర కూర్చున్న ఒక ముసలావిడ, లేవకుండా, తన కప్పు వైపు చూస్తూనే, సన్నటి వణుకు గొంతుతో ఆ చరణం మొదటి పాదం పాడింది. గాయని తలాడించి అక్కణ్ణుంచి అందుకుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కథ మధ్యలో ఉంది మరి.

ఇంటికొచ్చి, నిద్రపట్టక, ఆ పాట రికార్డు వెతికి విన్నాను. మూడో చరణం దగ్గర వెనక్కి తిప్పి తిప్పి విన్నాను. ముసలావిడ అందించిన పాదంలో ఒక మాట రికార్డులో లేదు. అక్కడ వేరే మాట ఉంది. ఇన్నేళ్ళలో ఏ అంట్లు తోముతూనో పాడుకుంటూ ఆవిడ మార్చేసుకుని ఉంటుంది. పాట కట్టినావిడ ఆ రాత్రి ఆ మారిన మాటనే పాడింది. చరణం చివర అది మళ్ళీ వస్తే అప్పుడూ దాన్నే పాడింది.

చైల్డ్ గారైతే దానికి బీ అని అక్షరం ఇచ్చి రాసుకునేవాడు.

మర్నాడు ఆఫీసులో, "ఏమంటావ్, జానపదమేనా?" అని అడిగాడు మా పెద్దాయన. ఇదంతా చెప్పాను. ఆయన ఆ మాట తేడా గమనించలేదుట. కాసేపు ఊరుకుని, ఆ ముందు బల్ల ఆవిడ తనకి ముఖపరిచయమేననీ, వారానికి రెండు రాత్రుళ్ళు తలుపు దగ్గర టికెట్లు చింపేది ఆవిడేననీ, జీతం లేని పనేననీ చెప్పాడు.